మూడో దారం

గిరికీ కొడుతూ, ముక్కు నిటారుగా ఆకాశానికి ఎత్తిన చోట బొమ్మ విమానం ఇంజిన్ ఆగిపోయింది. దగ్గలేదు, వణకలేదు. సన్నగా ఒక కేక పెట్టి ఊరుకుంది. మైదానంలో ఉన్న పదిహేను మందీ తలలు పైకెత్తారు.

ఖౌలా అప్పటికే పైకి చూస్తోంది. ఆమె బొటనవేళ్ళు విమానాన్ని నడిపే రేడియో పెట్టె మీది పుల్లల్ని వదల్లేదు. వెల్లకిలా పడిన విమానాన్ని నెమ్మదిగా బోర్లా తిప్పింది. ముక్కు కాస్త దించి వేగం పుట్టించింది. గాలికి ఎదురుగా పెద్ద వంపు తిప్పి, ఎండి నెర్రెలిచ్చిన తెల్లమట్టి మీద దించింది. చక్రాల కమ్మీ వంగింది, అంతే. ఇంజిన్ లేని విమానాన్ని అంత పొందికగా దించడం ఆ క్లబ్బులో ఇంకెవరికీ చేతకాదు. ఆ మాట ఎవరూ అనలేదు.

"ఎనిమిది నిమిషాలు," అన్నాడు మాజిన్ గడియారం చూసి. "అక్కది చెయ్యి బరువు. పుల్ల అంత గట్టిగా లాగితే ఇంజిన్‌కి ఊపిరాడొద్దూ?"

"పోయిన శుక్రవారం నీ ఇంజినూ ఆగిందిగా. ఏడు నిమిషాలకే."

"అది నసీబు అక్కా, తలరాత."

జర్కా ఊరి విమానాల క్లబ్బులో లెక్క అలాగే ఉండేది. మాజిన్ ఇంజిన్ ఆగితే నసీబు, ఖౌలా ఇంజిన్ ఆగితే చెయ్యి. మాజిన్ క్లబ్బు పెద్ద అబూ రాకాన్‌కి చెల్లెలి కొడుకు. ఖౌలా ఊళ్ళో ఆసుపత్రి నర్సు, నలభై రెండేళ్ళ మనిషి, క్లబ్బు మొత్తానికి ఒక్కతే ఆడది. ఇంతకంటే వివరం అక్కర్లేదు.

జీపుకి ఆనించిన చెక్కపలక మీద అందరి పేర్లతో బట్టల క్లిప్పులు ఉంటాయి. తన క్లిప్పు ఆ పలక మీద ఉన్నవాడే రేడియో వెయ్యాలి. గాలిలో ఇంజిన్ ఆగితే ఆ క్లిప్పుకి ఒక నల్లదారం. మూడు దారాలైతే క్లిప్పు రేకు డబ్బాలోకి పోతుంది, మళ్ళీ వసంతం దాకా ఆ మనిషి విమానం ముట్టుకోకూడదు. నసీబుకి మాత్రం దారం కట్టరు. అందుకే మాజిన్ క్లిప్పు కడిగిన గిన్నెలా ఉంది, ఖౌలా క్లిప్పుకి అబూ రాకాన్ ఆరోజు రెండో దారం ముడివేశాడు.

"చీటీ చీటీయే అమ్మాయ్," అన్నాడాయన ముడి బిగిస్తూ. "కాఫీ కప్పులో వేసిన చీటీల్లోంచి నీ పేరే వచ్చింది. వచ్చే శుక్రవారం ఇర్బిద్ క్లబ్బు వాళ్ళతో పందెంలో నువ్వే ఎగరేస్తావు. నేను మాట తప్పను. కానీ మూడోది పడిందంటే నేనూ ఏం చెయ్యలేను."

"తెలుసు బాబాయ్," అంది ఖౌలా.

పందెం చిన్నదే. ఒక్క ట్యాంకు ఇంధనంతో పది నిమిషాలు గాలిలో ఉండాలి, చివరి నిమిషంలో మూడు గిరికీలు కొట్టాలి, ఇంజిన్ ఆగకూడదు. మూడేళ్ళుగా ఇర్బిద్ వాళ్ళే గెలుస్తున్నారు. జర్కా వాళ్ళ ఇంజిన్లు ఆరో నిమిషం దాకా పందెపు గుర్రాలు, ఆ తర్వాత ఎప్పుడు కాళ్ళు ముడుస్తాయో తెలియదు. అందుకే పందెం సాధన లేని మామూలు రోజుల్లో అబూ రాకాన్ ఆరో నిమిషానికి ఈల వేస్తాడు, అందరూ దించేస్తారు. సగం ఇంధనం ట్యాంకులోనే మిగులుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు గానీ, అబూ రాకాన్ నిజంగానే మహావృక్షం. ముప్పయ్యేళ్ళు వైమానిక దళంలో జెట్ ఇంజిన్లు విప్పి బిగించినవాడు. ఆ క్లబ్బులో పుల్ల పట్టడం అందరికీ ఆయనే నేర్పాడు. ఆయన మీద గౌరవంతో ఒక ఆచారం పుట్టింది: ఎవరు ఎగరేసినా, ముందుగా ఇంజిన్ సూదిని అబూ రాకాన్ తిప్పాలి. ఇంజిన్‌లోకి ఎంత ఇంధనం పోవాలో తేల్చేది ఆ సూదే. ఆయన వంగి, తల పక్కకి వాల్చి, ఇంజిన్ కీచుమని పాడేదాకా ఒక్కో క్లిక్కూ మూస్తూ పోయేవాడు. "ఇదీ పాటంటే," అని లేచేవాడు. అందరూ అల్లా మేలు చెయ్యాలనేవారు.

ఆరోజు చక్రాల కమ్మీ సరిచేసుకుంటూ ఖౌలా ఆయన ఎడమవైపు నిలబడి, "బాబాయ్, ఆ పటకారు ఇటివ్వండి," అని రెండుసార్లు అడిగింది. ఆయన పలకలేదు. ఎదురుగా వచ్చి అడిగితే ఆమె పెదాల వంక చూసి వెంటనే ఇచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా రోగుల్ని చూస్తున్న మనిషికి అది చాలు. జెట్ ఇంజిన్లు ఆయన చెవుల్లోంచి సన్నని చప్పుళ్ళన్నీ ఎప్పుడో పట్టుకుపోయాయి. ఇంజిన్ ప్రాణం కడగట్టి కీచుమంటే తప్ప ఆయనకి పాట వినబడదు, అందుకే సూది మూస్తూనే పోతాడు.

ఖౌలాకి ఒళ్ళు మండింది. తన దారాల కోసం మండింది, ఆయన మీద జాలీ వేసింది. ఈ సంగతి పదిమందిలో అంటే ఆ ముసలాయన మళ్ళీ మైదానానికి రాడు. అనకపోతే తన క్లిప్పు రేకు డబ్బాలో పడుతుంది.

*

సోమవారం మధ్యాహ్నం లారీ ప్రమాదంలో గాయపడిన ఒకాయన్ని కింది అంతస్తు నుంచి ఆపరేషన్ గదికి తీసుకెళ్ళాలి. లిఫ్టు పని చెయ్యడం లేదు. స్ట్రెచరుని ఏటవాలు దారిలో పైకి తోస్తున్నారు. ముందు ఖౌలా, వెనక వార్డు ఆయా ఉమ్ హాబిస్. ఉమ్ హాబిస్‌కి యాభై అయిదేళ్ళు, మనిషి లావు, నోరు అంతకంటే లావు.

"సిస్టరమ్మా, వీడు లారీ కింద పడ్డాడా, లారీని మింగాడా? ఇంత బరువున్నాడేంటి."

సెలైన్ సీసా పట్టుకునే మనిషి లేక దాన్ని రోగి పక్కనే పడుకోబెట్టారు. రక్తపు సంచీని కాళ్ళ మధ్య పెట్టారు. ఏటవాలు ఎక్కేసరికి ఖౌలా చూసింది. సెలైన్ ఆగిపోయింది, ట్యూబులోకి రక్తం వెనక్కి పాకుతోంది. అది మామూలే. సీసా ఎత్తు తగ్గితే ధార తగ్గుతుంది. కానీ రక్తపు సంచీ అంతకంటే కిందుంది, అయినా చుక్క వెనక చుక్క పడుతూనే ఉంది. దాని చుట్టూ గాలి సంచి కట్టి ఉంది. రబ్బరు ఉండ నొక్కి గాలి నింపితే అది రక్తపు సంచీని అన్ని వైపులా పిండుతుంది. అది కింద ఉన్నా పైన ఉన్నా, నిండుగా ఉన్నా సగమే ఉన్నా ధార ఒక్కటే.

ఖౌలా నడక ఆగింది.

"ఏంటమ్మా, పోయాడా?" అంది ఉమ్ హాబిస్ భయంగా.

"లేదు. తొయ్యి, తొయ్యి."

రోగిని ఒప్పజెప్పి, మెట్ల మీద కూర్చుని, ఆమె తన విమానాన్ని కళ్ళముందు పెట్టుకుంది. ఇంజిన్ ముందు, ట్యాంకు వెనక. ముక్కు పైకెత్తితే ట్యాంకు ఇంజిన్‌కి కిందికి పోతుంది. అదే ఏటవాలు. ఇంధనం అయిపోతున్నకొద్దీ ట్యాంకులో మట్టం దిగుతుంది, ధార సన్నబడుతుంది. నిండు ట్యాంకు మీద చివరి క్లిక్కు దాకా మూసిన సూదికి ఆపైన తట్టుకునే ఓపిక ఎక్కడిది? ఆరు నిమిషాలు బతకడమే గొప్ప.

మరి ట్యాంకుని పిండే చెయ్యి ఏది? దానికీ జవాబుంది. ప్రతి సైలెన్సర్ మీదా సన్నటి గొట్టం ముక్కు ఒకటి పొడుచుకుని ఉంటుంది, తయారుచేసినవాళ్ళు పెట్టిందే. అక్కణ్ణుంచి ట్యాంకుకి ట్యూబు వేస్తే ఇంజిన్ పొగే తన ఇంధనాన్ని తను తోసుకుంటుంది. కానీ జర్కా క్లబ్బులో ప్రతివాడూ ఆ ముక్కుని చిన్న స్క్రూతో బిగించేశాడు. "పొగని తీసుకెళ్ళి ఇంధనంలో కలుపుతామా? కాఫీ కూజాలో ఉమ్మేసినట్టుంటుంది," అని అబూ రాకాన్ ఎప్పుడో అన్నాడు. ఆ మాట తర్వాత స్క్రూ విప్పినవాడు లేడు.

*

బుధవారం డ్యూటీ దిగాక విమానాన్ని కారులో వేసుకుని ఉమ్ హాబిస్ ఇంటికి వెళ్ళింది. ఊరి చివర ఇల్లు, పెద్ద వాకిలి, నాలుగు మేకలు. ఎంత గోల చేసినా అడిగేవాళ్ళు లేరు.

ముందు ట్యాంకు బయటికి తీసి, ట్యూబులు ముడిచి పట్టుకుని, ఒకదాంట్లోంచి గాలి ఊదుతూ బక్కెట్ నీళ్ళలో ముంచింది. మూత పక్కనుంచి గసగసాలంత బుడగలు వరసగా లేచాయి.

"కారుతోంది," అంది ఖౌలా. "గాలి నిలవని ట్యాంకుకి ఎంత పొగ పట్టించినా దండగే."

రబ్బరు బిరడా తీసి తుడిచి, కొత్తది పెట్టి, నడుమ స్క్రూ బిగించి మళ్ళీ ముంచింది. ఈసారి బుడగ లేవలేదు. ట్యాంకుని స్పాంజిలో చుట్టి దాని గూట్లో పెట్టింది. సైలెన్సర్ ముక్కు మీది స్క్రూ మొండికేసింది. నూనె వేసి, వేడిచేసి, మూడోసారికి విప్పింది. జానెడు ట్యూబు తొడిగి ట్యాంకుకి కలిపింది.

తోకని ఆలివ్ చెట్టు మొదలుకి తాడుతో కట్టి, కర్రతో పంకా తిప్పితే రెండో దెబ్బకే ఇంజిన్ అందుకుంది. మరుక్షణం గుడగుడమని ఆవిర్లు కక్కి, సైలెన్సర్‌లోంచి జిడ్డంతా చిమ్మి, ఆగిపోయింది. పక్కనే వంగి చూస్తున్న ఉమ్ హాబిస్ ముఖం నుదుటినుంచి గడ్డం దాకా నిగనిగలాడింది.

"ఏంటిది?" అంది ఆవిడ పెదాలు నాకి.

"ఆముదం. ఇంధనంలో కలుపుతారు."

"ఆముదం తాగిన మొహం అంటారే, అది ఇవ్వాళ నాది. నీ విమానం ఎగురుతుందో లేదో గానీ సిస్టరమ్మా, నాకు రేపు పొద్దున సెలవు రాయి."

నవ్వాగాక ఖౌలా సూది మీద చెయ్యి వేసింది. ఇప్పుడు తోపు ఉంది కాబట్టి ఇంధనం ఎక్కువ పోతోంది, ఆ మేరకు సూది మూయాలి. ఒక క్లిక్కు మూసి విన్నది. ఇంకొకటి. మోత సమంగా సాగి, ఇంకాస్త మూస్తే కీచుమనే చోటికి వచ్చింది. అక్కడ ఆగి, రెండు క్లిక్కులు వెనక్కి తెరిచింది. పాట కాస్త బొంగురుపోయింది.

"ఇప్పుడు ముక్కు ఆకాశానికి ఎత్తిపట్టు. పంకా దగ్గరికి చెయ్యి పోనివ్వకు."

"మా ఆయనకి తిండి పెట్టే చెయ్యమ్మా ఇది, పోగొట్టుకుంటానా," అని గొణుగుతూ ఉమ్ హాబిస్ విమానాన్ని రెక్కల కింద పట్టుకుని నిటారుగా ఎత్తింది. మేకలు గోడ చివరికి పోయి నక్కాయి. ఇంజిన్ పడిపోలేదు. కాస్త తేటపడి, ఇంకొంచెం హుషారుగా మోగింది. ఖౌలా గడియారం చూస్తూ నిలబడింది. ఆరు నిమిషాలు, ఎనిమిది, పది. నిమిషానికోసారి ఎత్తించింది, దించింది. పదకొండు దాటాక ట్యాంకు అడుగంటి ఆగేదాకా మోత మారలేదు.

ఖౌలాకి పట్టరాని ఆనందం కలిగింది. కానీ ఇంటికి వెళ్ళే దారిలో ఆ ఆనందం పలచబడింది. శుక్రవారం ఆ సూది మీద చివరి చెయ్యి తనది కాదు.

*

శుక్రవారం నమాజు అయ్యాక ఇర్బిద్ వాళ్ళు మూడు కార్లలో వచ్చారు. కాఫీలయ్యాయి. వాళ్ళ మనిషి ముందు ఎగరేశాడు. అతని ఇంజిన్ తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకి, రెండో గిరికీలో ఆగింది. వాళ్ళ ముఖాలు చిన్నబోయినా ధీమా పోలేదు. జర్కా ఇంజిన్ తొమ్మిదో నిమిషం చూసి మూడేళ్ళయింది మరి.

ఖౌలా విమానాన్ని బల్ల మీద పెట్టింది. మొదట ట్యూబు చూసింది మాజినే.

"మామయ్యా, చూడు. ఆసుపత్రి గొట్టం తగిలించుకొచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చెయ్యి చాలక సైలెన్సర్ మీద పడ్డట్టుంది."

కొందరు నవ్వారు. అబూ రాకాన్ నవ్వలేదు. వేలితో ట్యూబు తాకి, "స్క్రూ విప్పావా?" అన్నాడు.

"విప్పాను బాబాయ్."

"నన్ను అడక్కుండా."

"అడిగితే వద్దంటారని." ఆమె ఆయనకి ఎదురుగా నిలబడి, తొందరపడకుండా, ఒక్కో మాటా పెదాల మీద కనబడేలా చెప్పింది. "ఆగితే మూడో దారం మీరే కట్టండి. డబ్బా మూత నేనే తీస్తాను."

ఆయన ఇంజిన్ తిప్పమని సైగ చేశాడు. తర్వాత ఎప్పటిలాగే చేతులు తుడుచుకుని, తల పక్కకి వాల్చి, సూది దగ్గరికి వంగాడు. ఇంజిన్ మోగుతోంది. ఒక క్లిక్కు మూశాడు. రెండు. మూడు. నాలుగో క్లిక్కుకి ఇంజిన్ కీచుమని పాడింది. "ఇదీ పాటంటే," అన్నాడు.

అందరూ అల్లా మేలు చెయ్యాలన్నారు. ఖౌలా కదల్లేదు.

"బాబాయ్, ఒక్క సాయం చెయ్యండి. నేను ముక్కు ఎత్తుతాను. మీరు రెక్క మీద అరచెయ్యి పెట్టండి. కళ్ళు మూసుకోండి."

"ఎందుకు?"

"నాడి చూడ్డానికి. మా దగ్గర ఊపిరి చప్పుడు వినబడకపోతే చేత్తోనే చూస్తాం."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. అబూ రాకాన్ ఒక్కడికే అది ఇంకో చోట తగిలింది. ఆయన కనురెప్పలు ఒకసారి వాలాయి. అరచెయ్యి రెక్క మీద పరిచాడు, కళ్ళు మూసుకున్నాడు. ఖౌలా విమానాన్ని నిటారుగా ఎత్తింది.

రెండు సెకన్లు పాట సాగింది. తర్వాత రెక్కలో అదురు సన్నగిల్లింది, తడబడింది. ఇంజిన్ ప్రాణం జారుతోంది. జెట్ ఇంజిన్లు విప్పి బిగించిన ఆ చెయ్యికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన రెండో చెయ్యి దానంతట అదే సూది దగ్గరికి పోయింది. ఒక క్లిక్కు తెరిచాడు. అదురు కాస్త నిలబడింది. రెండు. మూడు. నాలుగు. అరచేతి కింద రెక్క నిండుగా, సమంగా కొట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచేసరికి బుధవారం ఖౌలా ఆగిన చోటే సూది ఆగి ఉంది.

"మామయ్యా, పాట పోయింది," అన్నాడు మాజిన్.

"పోనీ," అన్నాడు అబూ రాకాన్. "ఎగరెయ్ అమ్మాయ్."

తెల్లమట్టి మీద పాతిక గజాలు పరుగెత్తి విమానం లేచింది. ఖౌలా దాన్ని పెద్ద పెద్ద చుట్లు తిప్పింది. ఆరో నిమిషంలో అబూ రాకాన్ చెయ్యి అలవాటుగా ఈల మీదికి పోయి, వెనక్కి వచ్చింది. ఏడో నిమిషానికి అందరూ గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. తొమ్మిదో నిమిషం ముగిసిందని ఇర్బిద్ పెద్దాయన చెయ్యి ఎత్తి చూపించాడు.

ఖౌలా పుల్ల వెనక్కి లాగింది. ముక్కు లేచింది, విమానం నిటారుగా ఎక్కింది. పోయిన వారం ఆగిన చోటు వచ్చింది. మోత కాస్త తేటపడింది, బుధవారం ఉమ్ హాబిస్ వాకిట్లో లాగే. విమానం వెల్లకిలా పడి, గుండ్రంగా దిగి, మళ్ళీ లేచింది. రెండోది. ఇర్బిద్ వాళ్ళ ఇంజిన్ ఆగిన చోటు అదే. దాటింది. మూడో గిరికీ ఆమె కావాలనే పెద్దది కొట్టింది, చూసేవాళ్ళ మెడలు పట్టేసేంత పెద్దది. దాని కొసన విమానం నేలకి మనిషెత్తులో, వాళ్ళ ముందు నుంచి మోత ఎక్కడా తగ్గకుండా దూసుకుపోయింది.

"మాషా అల్లా," అన్నాడు ఇర్బిద్ పెద్దాయన. ఓడినవాడి నోట అంతకంటే పెద్ద మాట రాదు.

పది నిమిషాల ఇరవై సెకన్లకి విమానం దిగింది. ఖౌలా దాన్ని జనం దాకా నడిపించుకొచ్చి, తన చేత్తోనే ఇంజిన్ ఆపింది. పది నిమిషాలూ ఎగరేసి అలా ఆపే భాగ్యం ఆ ఏడాది క్లబ్బులో ఎవరికీ దక్కలేదు. కుర్రాళ్ళు ఆమె పేరు పెట్టి చప్పట్లు కొట్టారు, ఎవడో కారు హారన్ ఆపకుండా మోగించాడు. మాజిన్ కూడా రెండు చప్పట్లు కొట్టి, ఎవరైనా చూశారేమోనని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

కాఫీ తెచ్చారు. మొదటి కప్పు ఖౌలాకి ఇమ్మన్నాడు అబూ రాకాన్. ఆమె తాగేలోగా మాజిన్ తన విమానం తెచ్చి బల్ల మీద పెట్టి, "మామయ్యా, సూది," అన్నాడు. ముసలాయన అరచెయ్యి ఎత్తి అటూ ఇటూ ఊపాడు, ఇక చాలని ఖాళీ కాఫీ కప్పు ఊపినట్టు. మాజిన్‌కి అర్థం కాలేదు, లేదా అర్థమయ్యే నిలబడిపోయాడు.

అబూ రాకాన్ పలక దగ్గరికి నడిచాడు. ఖౌలా క్లిప్పు తీసి, గోటితో ఒక ముడి, పంటితో ఒక ముడి విప్పాడు. రెండు నల్లదారాలూ అరచేతిలో పెట్టుకుని తన క్లిప్పు అందుకున్నాడు. ఆ క్లిప్పుకి ఏనాడూ దారం పడలేదు. దానికి ఒక దారం కట్టాడు. రెండోదీ కట్టాడు. ముసలి వేళ్ళు, కాస్త సేపు పట్టింది. ఎవరూ సాయానికి వెళ్ళలేదు.

"ఇవి మొదట్నుంచీ నావే," అన్నాడు.

తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, తన పాత పసుపు విమానం సైలెన్సర్ మీది స్క్రూ విప్పి, ఆ విమానాన్ని తెచ్చి ఖౌలా ముందు పెట్టాడు.

"నాకిక ఒక్క దారమే మిగిలింది అమ్మాయ్. సూది నువ్వు తిప్పు."

"మీరు చెయ్యి పెట్టండి బాబాయ్," అంది ఖౌలా. ఆయన రెక్క మీద అరచెయ్యి పరిచి కళ్ళు మూసుకున్నాడు.